ఒకటో తరగతి ఫీజు ఎందుకు తక్కువ? పిల్లలతో పనిచేసి పొందే అదనపు ఆదాయం లెక్క

ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెప్పి వేణ్నీళ్లకు చన్నీళ్లన్నట్టు నెలకు కొంత సంపాదించుకోవడం తెలుగు పట్టణాల్లో కొత్త విషయం కాదు. ఆ ట్యూషన్ ఫీజు ఏ ప్రాతిపదికన నిర్ణయమవుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా వేసుకోరు. ఒకటో తరగతికి తక్కువ, ఐదో తరగతికి కొంచెం ఎక్కువ, పదో తరగతికి ఇంకా ఎక్కువ అన్నది దాదాపు ప్రతి వీధిలోనూ నడుస్తున్న ఆనవాయితీ. పాఠం ఎంత కష్టమైతే ఫీజు అంత ఎక్కువ ఉండాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన. చెప్పేవారికి పట్టే శ్రమను మాత్రం ఈ పద్ధతి తలకిందులుగా కొలుస్తుంది. పదో తరగతి విద్యార్థికి ఒక లెక్క చేసి చూపించి, అలాంటివే నాలుగు లెక్కలు ఇస్తే అరగంట సేపు తనంతట తాను కూర్చుని చేసుకుంటాడు. ఒకటో తరగతి పిల్లవాడి పక్కన కూర్చోకపోతే రెండు నిమిషాల్లో పెన్సిల్ ఎక్కడో పడిపోతుంది, ఎక్కం ఆగిపోతుంది, పక్క పిల్లతో తగవు మొదలవుతుంది. పిల్లలతో చేసే ఏ పనిలోనైనా అమ్ముడయ్యే అసలు సరుకు శ్రద్ధే. దానికి విలువ కట్టకుండా విషయజ్ఞానానికి మాత్రమే విలువ కట్టడం వల్లనే ఈ సంపాదన చాలా ఇళ్లలో చేసిన చాకిరీకి తగినంత ఉండటం లేదు.

ముందు గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. కేంద్ర గణాంక శాఖ 2025లో విద్యపై జరిపిన సర్వే ప్రకారం దేశంలో 27 శాతం మంది విద్యార్థులు ఆ విద్యా సంవత్సరంలో ప్రైవేటు కోచింగ్ లేదా ట్యూషన్ తీసుకున్నారు. పట్టణాల్లో ఇది 30.7 శాతం, గ్రామాల్లో 25.5 శాతం. అంటే ట్యూషన్ ఇప్పుడు పట్టణాలకే పరిమితమైన అలవాటు కాదు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడైన ప్రత్యేక కారణం మాధ్యమం మారడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ప్రైవేటు బడుల్లో ఇంగ్లిష్ మీడియం అంతకు చాలా ముందే సర్వసాధారణమైంది. తెలుగు మీడియంలో చదివిన తల్లిదండ్రులకు కూడికలు, తీసివేతలు వచ్చినా, ఆ లెక్కనే ఇంగ్లిష్‌లో రాతగా ఇస్తే పిల్లవాడికి వివరించడానికి మాట తడబడుతుంది. ఇంట్లో చదువుకున్న అక్కో అన్నో లేని కుటుంబం ఆ లోటు తీర్చుకోవడానికి పక్క వీధిలోని డిగ్రీ చదివిన అమ్మాయి దగ్గరికి పిల్లల్ని పంపుతుంది.

రెండో కారణం హోంవర్క్. 2020లో వచ్చిన జాతీయ బడిసంచి విధానం రెండో తరగతి వరకు హోంవర్కే ఉండకూడదని, మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదని, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు గంట చాలని చెప్పింది. ఆచరణలో యూకేజీ పిల్లల డైరీలో సైతం రోజూ నాలుగు వరుసల పని కనిపిస్తుంది. సాయంత్రం ఆరు దాటాక ఇంటికి చేరే తల్లిదండ్రులకు ఆ డైరీయే పెద్ద పరీక్ష అవుతుంది. అందువల్ల ట్యూషన్‌కు పంపే కుటుంబం డబ్బిచ్చి పాఠం ఒక్కటే కొనడం లేదు. డైరీ పూర్తి కావడం, బడి వదిలినప్పటి నుంచి పెద్దలు ఇల్లు చేరేదాకా పిల్లలు క్షేమంగా ఒకచోట ఉండటం, రాత్రి భోజనాల వేళ ఇంట్లో అరుపులు లేకపోవడం, ఇవన్నీ ఆ ఫీజులో కలిసే ఉన్నాయి. తల్లిదండ్రులకు ఇది తెలుసు. ఫీజు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇరుపక్షాలూ తరగతి పేరే ఎత్తుతాయి.

లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఉదాహరణకు ఒక గృహిణి దగ్గర పదిమంది పిల్లలు ఉన్నారని అనుకుందాం. ఒకటి, రెండు తరగతులవారు నలుగురు, ఒక్కొక్కరికి 400 రూపాయలు. మూడు నుంచి ఐదు తరగతులవారు నలుగురు, ఒక్కొక్కరికి 500. ఏడు, ఎనిమిది తరగతులవారు ఇద్దరు, ఒక్కొక్కరికి 800. మొత్తం నెలకు 5,200 రూపాయలు. రోజుకు రెండు గంటలు, నెలకు 24 రోజులు అంటే 48 గంటలు. గంటకు 108 రూపాయలు పడుతున్నట్టు కనిపిస్తుంది. అయితే సమయానికి ముందే వచ్చేసేవారు, తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చేవారు కలిపి రోజుకు మరో అరగంట పోతుంది. గది సర్దడం, ఊడ్చుకోవడం, మర్నాటికి లెక్కలు రాసి పెట్టుకోవడం ఇంకో అరగంట. నెలకు 72 గంటలు అయ్యాయి. వేసవిలోనూ, దసరా, సంక్రాంతి సెలవుల్లోనూ కలిపి ఏడాదిలో దాదాపు రెండు నెలల ఫీజు రాదు కాబట్టి ఏడాది రాబడి 52,000 రూపాయలే. కరెంటు, మార్కర్లు, జిరాక్సులకు నెలకు 300 చొప్పున పది నెలలకు 3,000 తీసేస్తే మిగిలేది 49,000. 720 గంటల పనికి అది గంటకు 68 రూపాయలు. సాయంత్రం వంట వెనక్కి జరగడం, సొంత పిల్లల చదువు పక్కకు పోవడం ఈ లెక్కలో చేర్చలేదు.

ఇదే ఉదాహరణను సమయం వైపు నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఉన్న 120 నిమిషాలను పదిమందికి పంచితే తలకు 12 నిమిషాలు. కానీ ఒకటో తరగతి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, చేయి పట్టి రాయించడానికి కనీసం 20 నిమిషాలు కావాలి. నలుగురికి 80 నిమిషాలు. మిగిలిన ఆరుగురికి 40 నిమిషాలే. అంటే చెప్పేవారి సమయంలో మూడింట రెండు వంతులు ఆ నలుగురు చిన్నపిల్లలకే పోతుంటే, 5,200 రూపాయల్లో వారి నుంచి వచ్చేది 1,600, మూడో వంతు కూడా కాదు. పెద్ద తరగతుల పిల్లల ఫీజుతో చిన్నపిల్లల శ్రద్ధకయ్యే ఖర్చు పూడుతోందన్నమాట. అలా పూడనిచోట చిన్నపిల్లలు ఆ శ్రద్ధకే నోచుకోవడం లేదు. పలక ముందు పెట్టి, మూలన కూర్చోబెట్టి, ఎక్కాలు మూడుసార్లు రాయమని వదిలేయడం చాలాచోట్ల జరిగేది ఇదే.

చిన్నపిల్లలను కనిపెట్టుకుని ఉండే పనికి ధర తక్కువ పలకడం యాదృచ్ఛికం కాదు. ఇళ్లలో ఆ పనిని ఆడవాళ్లు జీతం లేకుండా చేస్తున్నారు కాబట్టి, బయటివారి పిల్లలకు చేసినప్పుడు కూడా అది ఊరికే వచ్చే పనిలాగే కనిపిస్తుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. పిల్లలను, పెద్దలను చూసుకునే పని చేసేవారిలో స్త్రీలకు 134 నిమిషాలు, పురుషులకు 76 నిమిషాలు పడుతోంది. 'ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నారు కదా, మా వాణ్ని కూడా కాస్త చూడండి' అనే మాటలో అడిగేవారికి తప్పేమీ తోచదు. కానీ ఖాళీ సమయం అనుకుంటున్నది నిజానికి అయిదు గంటల ఇంటిపని మధ్యలో నుంచి కోసి ఇచ్చిన సమయం. ఆ సంగతి ఫీజు చెప్పే మనిషికే ముందు గుర్తుండాలి.

దీనికి విరుగుడు ఫీజు ఒక్కటే పెంచడం కాదు. పిల్లలను విడదీయడం ముఖ్యం. బడి ముందుగా వదిలే చిన్న తరగతులవారిని నలుగురైదుగురికి మించకుండా నాలుగున్నర నుంచి గంటసేపు కూర్చోబెట్టి, పెద్దవారిని ఆరు గంటలకు పిలిస్తే, ఒకరి సమయం మరొకరు తినేయరు. చిన్నవారి ఫీజు మధ్య తరగతులవారి ఫీజుతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. తల్లిదండ్రులు మొదట అభ్యంతరం చెబుతారు. 'ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుని చదివిస్తాను, నలుగురినే తీసుకుంటాను' అని చెప్పి, ఒక నెల అలాగే చేసి చూపించిన వారి దగ్గర బేరం నిలవదు. విడి బ్యాచ్ కుదరని ఇంట్లో కనీసం వరుస మార్చుకోవచ్చు. వచ్చీ రాగానే పెద్దవారికి చేయవలసిన లెక్కలు ఇచ్చేసి, వారు చేసుకునే వేళంతా చిన్నవారి మధ్య కూర్చుని, చివరి పావుగంట పెద్దవారి పుస్తకాలు దిద్దాలి. చిన్నవారి డైరీ ముందు చూడటం మొదలుపెడితే ఆ సాయంత్రం ఇక చేతికి చిక్కదు.

హోంవర్క్ పూర్తి చేయించడమే ట్యూషన్ అనుకుంటే ఆ ఇంటికి గిరాకీ నిలకడగా ఉండదు; పిల్లవాడికి చదవడం నేర్పితే ఉంటుంది. గ్రామీణ బాలల చదువుపై వచ్చే అసర్ నివేదికలు 2022లోనూ, 2024లోనూ చెప్పింది ఒక్కటే: ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవగలిగినవారు సగం మందికంటే తక్కువే. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కించడం రావాలన్న లక్ష్యాన్ని 2026-27కు పెట్టుకున్నదీ ఈ వెనుకబాటు వల్లనే. నాలుగో తరగతి పిల్లవాడు సాంఘికశాస్త్రం ప్రశ్నకు జవాబు గైడులో వెతికి, అక్షరం అక్షరం చూసి రాసుకుపోతాడు. నోట్సు నిండుతుంది, డైరీలో సంతకం పడుతుంది, చదవడం మాత్రం రాదు. రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించి, గుణింతంలోనూ ఒత్తుల్లోనూ ఎక్కడ తడబడుతున్నాడో ఒక చిన్న పుస్తకంలో రాసుకునే ట్యూషన్ అరుదు. అప్పు తెచ్చుకుని తీసివేయడం రాని పిల్లవాడికి భాగహారం హోంవర్కు చేయించడం వల్ల ఒరిగేది లేదు. రెండు తరగతులు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆ మాట తల్లిదండ్రులకు మొదటి నెలలోనే చెప్పాలి, ఎందుకంటే వారు మార్కులు చూస్తారు, యూనిట్ టెస్టులో ఆ ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది.

ఈ పని చేయగల మనుషులకు తెలుగు రాష్ట్రాల్లో కొరత లేదు. తెలంగాణలో 2017 నాటి నోటిఫికేషన్ తర్వాత 11,062 టీచరు పోస్టుల డీఎస్సీ 2024లో పూర్తయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో జరిగింది. ఆ మధ్యలోని ఏళ్లలో బీఈడీ, డీఈడీ పూర్తిచేసి, టెట్ రాసి, పుస్తకాల ముందు కూర్చున్న వేలమందికి ట్యూషన్ ఫీజే చేతిఖర్చు. మెథడాలజీ పుస్తకాల్లో చదివినదాన్ని నిజమైన పిల్లల మీద పరీక్షించుకునే అవకాశం కూడా అదే. అయితే బడిలో ఉద్యోగం వచ్చాక ఈ దారి మూసుకుపోతుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని స్పష్టంగా నిషేధించింది. పగలు తన తరగతిలో చెప్పవలసిన పాఠాన్ని సాయంత్రం డబ్బుకు చెప్పే పరిస్థితి రాకూడదన్నది దాని ఉద్దేశం, అది న్యాయమైనదే.

చట్టం గురించి మాట్లాడేటప్పుడు నమోదు, పన్నుల గురించే ఎక్కువమంది అడుగుతారు. చిన్న ట్యూషన్‌కు అవి పెద్ద భారం కావు. కోచింగ్ కేంద్రాలపై 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలను ఉద్దేశించినవి. పదహారేళ్లలోపు వారిని చేర్చుకోకూడదన్న నియమం అలాంటి కేంద్రాల కోసమే తప్ప వసారాలో పదిమందికి ఎక్కాలు చెప్పేవారి కోసం కాదు. నాట్యం, ఆటలు, నాటకం వంటివాటిని ఆ నిర్వచనంలో చేర్చనేలేదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంలో ట్యుటోరియల్ సంస్థల నమోదుకు నిబంధనలున్నాయి కాబట్టి, బోర్డు పెట్టి, గది అద్దెకు తీసుకుని, మరొకరిని పనిలో పెట్టుకునే దశకు వచ్చినవారు మండల విద్యాధికారి కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ట్యూషన్‌పై 18 శాతం జీఎస్టీ ఉన్నా, ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు నమోదు అవసరం లేదు. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం ఒక పొరపాటు జరుగుతుంటుంది: వేరే ఉద్యోగం ఉండి సాయంత్రం ట్యూషన్ చెప్పేవారు ఆ డబ్బును రిటర్నులో చూపించరు. అది జీతానికి కలిపి చూపవలసిన ఆదాయమే.

అంతకంటే చాలా బరువైన చట్టాలు వేరే ఉన్నాయి, వాటి గురించి అడిగేవారు తక్కువ. తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టినా, హింసించినా, నిర్లక్ష్యంగా వదిలేసినా 2015 బాలన్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బడి గోడల మధ్యే దెబ్బలు నేరమని, ట్యూషన్‌లో బెత్తం పట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 'రెండు దెబ్బలు వేసైనా చదివించండి' అని తల్లిదండ్రులే చెప్పినా అది రక్షణ కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరిగే ప్రమాదం ఉందని భయపడుతున్నవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచిపెట్టడం శిక్షార్హం. చిన్నపిల్లలు ఇంట్లో అమ్మకు చెప్పలేని మాట ట్యూషన్ అక్కకు చెప్పే సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆ కుటుంబంతో పరువు మర్యాదలు చర్చిస్తూ కూర్చోకుండా పోలీసులకు చెప్పాలని, బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలని ముందే తెలిసి ఉండాలి. తలుపు తెరిచి ఉంచడం, ఒక్క పిల్లతో ఒక పెద్ద మనిషి మూసిన గదిలో లేకపోవడం, ఎవరు తీసుకెళ్లడానికి వస్తారో పేర్లు రాసి పెట్టుకోవడం, పిల్లల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకపోవడం ఖర్చులేని జాగ్రత్తలు. ఇంట్లో ఉండే బంధువులు, అద్దెకున్న యువకులు ట్యూషన్ వేళ ఆ గదిలోకి రాకూడదన్న కట్టుబాటు చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది. చెప్పాలి. తల్లిదండ్రులు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ నమ్మకానికే.

శ్రద్ధే సరుకన్న సంగతి పసిపిల్లల సంరక్షణలో మరింత నగ్నంగా కనిపిస్తుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచి, 50 మంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో పసిపిల్లల సంరక్షణ కేంద్రం (క్రెష్) ఉండాలని చెప్పింది. ఆరు నెలల బిడ్డతో ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లికి సంస్థ క్రెష్ అందుబాటులో లేకపోతే, తాతయ్య నాయనమ్మలు ఊళ్లో ఉంటే, మిగిలే దారి అపార్టుమెంటులోనే మరో గృహిణి నడిపే డే కేర్. హైదరాబాదులో ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ వంటి ప్రాంతాల్లో ఈ గిరాకీ ఎక్కువ. ఇక్కడ ఒక మనిషి ఎంతమందిని చూడగలదన్నదే మొత్తం లెక్క. నడక రాని పిల్లలైతే ముగ్గురు దాటకూడదు. ఒకరికి పాలు పడుతుంటే ఒకరు ఏడుస్తారు, మూడోవారు పాకుతూ వంటగది వైపు వెళతారు. సంఖ్య పెంచి ఆదాయం పెంచుకునే వీలు లేదు కాబట్టి, ఫీజు తగినంత లేకపోతే ఆ పని ఒప్పుకోకపోవడమే మేలు. జ్వరం వచ్చిన బిడ్డను తీసుకోకూడదన్న నియమం మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి, లేకపోతే పారాసిటమాల్ పట్టించి గుమ్మంలో దించి వెళ్లే ఉదయం ఒకటి తప్పక వస్తుంది.

సంగీతం, కూచిపూడి, చిత్రలేఖనం, చదరంగం, చేతిరాత వంటి క్లాసుల్లో ఫీజు తరగతితో ముడిపడదు కాబట్టి అక్కడ ధర కొంత సరిగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ప్రవాసాంధ్రుల పిల్లలకు చెప్పేవారికి ఇంకా మెరుగు. కానీ గడియారం విషయంలో జాగ్రత్త కావాలి. డల్లాస్‌లో శనివారం ఉదయం 9 గంటల క్లాసు ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నరకు పడుతుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పాక అదే క్లాసు ఎనిమిదిన్నరకు జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. వరసగా నాలుగు బ్యాచులు పెట్టుకున్నవారికి ఆ గంట తేడాతో చివరి క్లాసు అర్ధరాత్రి వైపు జారుతుంది. తెరమీద చిన్నపిల్లల దృష్టి నిలిపే శ్రమ గదిలో కంటే ఎక్కువ. అరగంటకు మించిన క్లాసులో చివరి భాగం సాధారణంగా వృథాయే.

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి అక్కడి తెలుగువారిలో నలిగే ఒక విషయం చెప్పుకోవాలి. చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థినులు ఖర్చులు భరించలేక తెలుగు కుటుంబాల్లో బేబీ సిట్టింగ్ చేసి చేతికి నగదు తీసుకోవడం, డిపెండెంట్ వీసా మీద ఉన్న గృహిణులు ఇరుగుపొరుగు పిల్లలను చూసి డబ్బు తీసుకోవడం అక్కడ వినిపించే మాటే. సొంతవారి పిల్లలను చూసినట్టే కదా అనిపించినా, డబ్బు తీసుకున్నాక అది ఉద్యోగమే. ఎఫ్-1 వీసా విద్యార్థికి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని నిషిద్ధం. హెచ్-4 అనే డిపెండెంట్ వీసా ఉన్నవారికి పని అనుమతి పత్రం ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటినవారికి ఆ పత్రం 2015 మే నుంచి దొరుకుతోంది, అందరికీ కాదు. ఇంగ్లండులో వీసా సరిగా ఉన్నా చాలదు: ఎనిమిదేళ్లలోపు పిల్లలను తన ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి డబ్బు తీసుకుని చూసేవారు ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ దగ్గరో, చైల్డ్‌మైండర్ ఏజెన్సీ దగ్గరో చైల్డ్‌మైండర్‌గా నమోదు కావాలి. గంటకు పది డాలర్ల కోసం లక్షల అప్పుతో వచ్చిన చదువును పణంగా పెట్టడం ఎంత ప్రమాదమో పని ఇచ్చే కుటుంబం కూడా ఆలోచించాలి. పైగా అలాంటి పనిలో జీతం ఎగ్గొట్టినా, గంటలు పెంచినా అడిగే దారి ఉండదు. శ్రద్ధకు విలువ కట్టని అలవాటు సముద్రం దాటినా వెంట వస్తోంది. అక్కడ దానికి భయం కూడా తోడవుతోంది.

తిరిగి వీధిలోని ట్యూషన్‌కు వస్తే, ఫీజు వసూలే చాలామందికి పాఠం కంటే కష్టం. నెల మొదటివారంలో ముందుగా తీసుకోవడం, మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇవ్వడం అనే రెండు నియమాలు కలిసి ఉంటే ఎవరికీ నొప్పి ఉండదు. పది రోజుల సెలవులకు ఫీజు తగ్గించమని అడిగే తల్లిదండ్రులకు, ఏడాది మొత్తానికి పది సమాన వాయిదాలని మొదటే చెప్పి ఉంటే ఆ చర్చే రాదు. అన్నదమ్ములిద్దరిని పంపితే ఒకరికి సగం ఫీజు అన్న ఆనవాయితీ మాత్రం తీసుకునేవారికి నష్టమే, ఎందుకంటే ఇద్దరూ రెండు తరగతుల్లో ఉంటారు, పట్టే సమయం సగం కాదు. ఇవ్వలేని కుటుంబానికి తగ్గించాలనుకుంటే అది మనసారా చేసే సాయంగా ఉండాలి, అలవాటుగా మారి అందరికీ వర్తించకూడదు.

ఈ మార్పులకు అనువైన కాలం ఒకటే. రెండు రాష్ట్రాల్లోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. కొత్త పుస్తకాలు, కొత్త డైరీలు వచ్చే ఆ వారంలోనే తల్లిదండ్రులు ట్యూషన్ వెతుకుతారు. సంవత్సరం మధ్యలో ఫీజు పెంచితే గొడవ, జూన్‌లో చెబితే అది సహజం. మే చివరి వారంలో కూర్చుని కిందటేడు ఎవరికి ఎన్ని నిమిషాలు పట్టాయో గుర్తుచేసుకుని, ఒకటో తరగతి ఫీజు ముందు రాసి, మిగిలిన తరగతులవి దాన్ని బట్టి రాసుకుంటే, పట్టిక కిందటేటి దానికి భిన్నంగా వస్తుంది.